వెనక వరసలో ఆవిడ

41వ ఏడు, 112వ రోజు

ఇవాళ ఇరవై రెండు పెళ్ళిళ్ళు, తొమ్మిది చావులు, నాలుగు కోర్టులు, ఒక వరద చూశాను. కళ్ళు మండిపోతున్నాయి. మధ్యలో ఒక పాట. హీరో మంచుకొండ మీద చొక్కా గుండీలు విప్పుకుని పరిగెడతాడు, పక్కన ఆ పిల్ల పల్చటి చీరలో ఊగుతుంది. చలికి ఇద్దరూ చచ్చుండాలి. చావరు. నవ్వుతారు.

నా పేరు హైమావతి. గతకాల నిర్ధారణ కార్యాలయంలో మొదటి తరగతి చూపరిని. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. పాత సినిమాలు, సీరియళ్ళు, టీవీ ఆటలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూసి, ఆ కాలంలో ఎవరు ఎక్కడ ఎలా బతికారో తేల్చి రాయడం నా పని. రోజూ దినచర్య రాయాలన్నది నియమం. దీన్ని ఎవడూ చదవడు కాబట్టి నిజాలే రాస్తాను.

నలభై ఏళ్ళ కిందటి తుడిచిపాటులో దస్తావేజులన్నీ పోయాయి. పట్టాలు, రేషన్ కార్డులు, ఓటర్ల జాబితాలు, జనాభా లెక్కలు, అన్నీ ఒక్కచోట భద్రంగా దాచారు మహానుభావులు. ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోయాయి. సినిమాలు మాత్రం ప్రతివాడి జేబులోనూ ఉన్నాయి కనక మిగిలాయి. ఒక జాతి చరిత్ర అంతా పోయి కామెడీ సీన్లు మిగిలాయంటే నవ్వాలో ఏడవాలో తెలీదు.

తుడిచిపాటు అయిన ఏడాదికే ఊళ్ళో సగం మంది జమీందార్ల మనవలైపోయారు. ఊరికి ఎత్తున, ఎండ కాస్త తక్కువగా ఉండే పైఅంచులో ఇల్లు కావాలంటే అక్కడ మా తాతలుండేవారని చెప్తే చాలు మరి. అందుకని నోటిమాట చెల్లదని చట్టం చేశారు. తాత ముత్తాతలు ఫలానా చోట ఉన్నట్టు పాత బొమ్మలో ఒక ఫ్రేము చూపించాలి. చూపిస్తే ఆ చోటు మీది. లేకపోతే పల్లానికి పోవాలి. పల్లంలో ఏడాదికి నూట ఇరవై రోజులు ఎండకూత సైరను మోగాక సాయంత్రం దాకా తలుపు తియ్యకూడదు, తీస్తే మనిషి దక్కడు.

మా నియమావళిలో మొదటి వాక్యం: సినిమా కాలానికి అద్దం. రెండోది: ముందు నిలబడ్డవాడు నటుడు, లెక్కలోకి రాడు, వెనక కనబడ్డవాడు నిజం, అతన్నే చూడాలి. అంచేత హీరో ఎంత గొంతు చించుకున్నా మేం పట్టించుకోం. వాడి వెనక టీ తాగుతున్న ముసలాయన్ని చూస్తాం. వాడి గ్లాసేమిటి, చొక్కా ఏమిటి, గోడ మీద సున్నం ఉందా లేదా. అలా ఒక యుగాన్ని మేం ముక్కముక్కగా అతికించాం. మా పై అధికారి పరాంకుశం గారు ప్రతి సభలోనూ ఈ ముక్క చెప్పి కళ్ళద్దాలు తుడుచుకుంటారు.

ఇవాళ ఒక అర్జీ వచ్చింది. నక్కగుట్ట. మూడు వందల పన్నెండు కుటుంబాలు. ఆ గుట్ట మీద చల్లబురుజు కడతారట, పైఅంచుకి చల్లగాలి పంపడానికి. వీళ్ళని పల్లానికి తోలేస్తారు. మేం మూడు తరాలుగా అక్కడే ఉన్నామని వీళ్ళ వాదన. అర్జీదారు పేరు శేషారత్నం, అరవై ఎనిమిదేళ్ళు. విచారణకి పదిహేను రోజులు గడువు. సినిమాల పేర్లు, నిమిషాలతో సహా వాళ్ళే రాసిచ్చారు. ఇలా సిద్ధంగా వచ్చేవాళ్ళంటే నాకు మంట. వీళ్ళంతా అబద్ధాలకోరులే.

115వ రోజు

దొరికింది. కాదనడానికి లేదు.

సినిమా గురించి చెప్పడానికేమీ లేదు. హీరో బస్తీ కుర్రాడు, రోజుకో చొక్కా, అన్నీ ఇస్త్రీవి. బస్తీలో ఉంటాడు కానీ చెమట పట్టదు. ఆ కాలం వాళ్ళకి పేదవాడంటే ఇష్టం, పేదరికం అంటే అసహ్యం. అందుకే పేదవాడికి పౌడరు రాసి నిలబెట్టారు. సీరియళ్ళు ఇంకా ఘోరం. అత్తగారు పడుకునేటప్పుడు కూడా పట్టుచీర, ఒంటినిండా నగలు. ఎవరైనా ఒక్క మాటంటే ఆవిడ మొహం మూడుసార్లు చూపిస్తారు, ఢాం ఢాం ఢాం అని. చూసేవాళ్ళకి ఒక్కసారికి ఎక్కదని కాబోలు.

సరే, నలభై ఏడో నిమిషంలో హీరో విలన్ని కొడుతుంటాడు. వెనక వీధి కుళాయి, బిందెల వరస. వరసలో నాలుగో ఆవిడ ఆకుపచ్చ చీరలో ఉంది. ఎడమచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంది ఎండకన్నట్టు. ఆ చేతికి చిటికెనవేలు చివరి కణుపు లేదు. అర్జీలో సరిగ్గా అదే రాశారు: మా అవ్వ పైడితల్లి, ఎడమ చిటికెనవేలు సగం. గోడ మీద నక్కగుట్ట అన్న అక్షరాలు కూడా ఉన్నాయి.

ఇక సంతకం పెట్టేయొచ్చు. పంతొమ్మిదేళ్ళలో నేను ఒక్క తప్పుడు ఫ్రేము మీద సంతకం పెట్టలేదు. అదొక్కటే నాకున్న గొప్ప.

119వ రోజు

సంతకం పెట్టలేదు. పెట్టుంటే బాగుండేది.

మధ్యాహ్నం వేరే ఫైలు కోసం ఒక కరువు సినిమా చూస్తున్నాను. పల్లెటూరు, నెర్రెలిచ్చిన నేల, జనం హీరో కాళ్ళ మీద పడి ఏడుస్తున్నారు. వెనక ఒకావిడ ఏడవకుండా ఎడమచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంది. చిటికెనవేలు సగం.

ఎవరో అనుకుని వదిలేశాను. కానీ మనసు ఊరుకోదుగా. నా పాత ఫైళ్ళు తీశాను. గుడి మెట్ల మీద అదే చెయ్యి. ఆస్పత్రి వరండాలో అదే చెయ్యి. కోర్టులో తీర్పు వినడానికొచ్చిన జనంలో, వరదలో పడవెక్కుతున్న జనంలో, బాంబు పేలాక పరిగెత్తే జనంలో. ఒక ముఖ్యమంత్రి మీటింగులో చప్పట్లు కొడుతూ కూడా ఒక చెయ్యి నుదుటి మీదే. ఒంటిచేత్తో ఎలా కొట్టిందో ఏమో.

సాయంత్రం ఎండకూత గడువు తీరేసరికి అరవై ఒకటి లెక్కపెట్టాను. తర్వాత ఆవిడ చుట్టూ ఉన్నవాళ్ళని చూడటం మొదలెట్టాను. బట్టతల పెద్దాయన ఒకడు, ఈ సినిమాలో పూజారి, ఆ సినిమాలో రైతు. పళ్ళు ఎత్తుగా ఉన్న మనిషి ఒకతను నాలుగు వేర్వేరు ఊళ్ళలో నాలుగుసార్లు చచ్చిపోయాడు. కరువులో ఏడ్చినవాళ్ళే పెళ్ళిలో భోంచేస్తున్నారు. ఊరు మారుతుంది, జిల్లా మారుతుంది, భాష యాస మారుతుంది, మొహాలు మాత్రం అవే నూరో నూటపదో.

నేను రాసిన ఆ కాలపు జనజీవనం ఎనిమిది సంపుటాలు. పల్లెల్లో చావుకి ఎలా ఏడ్చేవారు అని ఒక అధ్యాయం, కోర్టుకి ఎందుకు గుంపులుగా వెళ్ళేవారు అని ఒకటి. దానికి శాలువా కూడా కప్పారు నాకు. ఛీ.

120వ రోజు

శేషారత్నాన్ని పిలిపించాను. నల్లగా, సన్నగా, నిటారుగా ఉంది. కూర్చోమంటే కుర్చీ చివరన కూర్చుంది. అరవై ఒక్క ఫ్రేములూ బల్ల మీద పరిచాను.

"ఏమ్మా, మీ అవ్వ ఇన్ని ఊళ్ళలో ఎలా ఉంది? రెక్కలున్నాయా?"

ఆవిడ ఒక్కొక్కటీ తీసి చూసింది. భయపడుతుందనుకున్నాను. నవ్వింది.

"అన్నీ పట్టుకున్నారే! ఇది వరద షూటింగు అమ్మా. నీళ్ళు ట్యాంకర్లతో పోశారంట. మా అవ్వకి మూడ్రోజులు జలుబు."

"షూటింగేమిటి?"

"జూనియర్ ఆర్టిస్టులమ్మా మావాళ్ళు. గుంపులో నిలబడే పని. పొద్దున్నే వ్యానొచ్చి గుట్ట కింద ఆగేది. ఇవాళ పల్లెటూరు అంటే నేత చీర, ఇవాళ ఆస్పత్రి అంటే మాసిన చీర. ఏడవమంటే ఏడవడం, పరిగెత్తమంటే పరిగెత్తడం. నక్కగుట్ట అంతా ఆ పనే."

నేనెప్పుడూ వినని మాట. ఎలా వింటాను? నా చిన్నప్పటికే బొమ్మలన్నీ యంత్రాలు తీసేవి. జనం కావాలంటే యంత్రమే లక్షమందిని పుట్టించేది. హీరోకి డబ్బిచ్చేవారని అందరికీ తెలుసు. హీరోని నోరు తెరుచుకుని చూసేవాడికి కూడా డబ్బిచ్చేవారని మా కార్యాలయంలో ఒక్క వెధవకీ తట్టలేదు. ఆ వెధవల్లో నేనొకదాన్ని.

"మరి ఈ సంగతి అర్జీలో ఎందుకు రాయలేదు?"

"నటించినవాళ్ళు లెక్కలోకి రారని మీరేగా రాసుకున్నారు. రాస్తే మా అవ్వ కూడా నటి అయిపోతుంది. వేషం ఇవ్వమంటే ఇవ్వలేదు గానీ, ఇప్పుడు నటి అంటారా?"

"ఆ చెయ్యేమిటి, ప్రతిదాంట్లో నుదుటి మీద?"

"అదా? మొహం పడితే ఆ సినిమాలో మళ్ళీ పిలవరు కదమ్మా. నిన్న పెళ్ళిలో కనబడ్డ మొహం ఇవాళ శవం దగ్గర కనబడితే ఒప్పుకోరు. అందుకని మావాళ్ళు చాలామంది కుదిరినప్పుడల్లా మొహం దాచుకునేవాళ్ళు. ఒకరు కొంగు, ఒకరు ఎదుటివాళ్ళ భుజం. మా అవ్వది చెయ్యి. కెమెరా తిరిగిందంటే చాలు, లేచిపోయేది. మొహం కనబడకపోతేనే రేపటికి కూడా పని."

మొహం కనబడాలని హీరోలు ఒకళ్ళనొకళ్ళు తొక్కుకున్న యుగంలో, తిండి కోసం మొహం దాచుకున్న గుంపు ఒకటుందన్నమాట. నా ఎనిమిది సంపుటాల్లో ఈ వాక్యం లేదు.

"సరే, ఈ కుళాయి ఫ్రేము? నక్కగుట్ట అని గోడ మీద రాసుంది."

ఆవిడ ఆ ఫ్రేము పక్కకి జరిపింది. "మీకు అబద్ధం చెప్పలేను. అది సెట్టు. మా గుట్టకి కుళాయి ఎప్పుడూ లేదు. ఎవరో మా బస్తీ పేరు విని గోడ మీద రాశారంట. షాటయ్యాక మా అవ్వ నిజంగా బిందె పెట్టి తిప్పి చూసిందంట. గాలి వచ్చింది."

"అసలు గుట్ట ఏ సినిమాలో ఉంది?"

"దేంట్లోనూ లేదమ్మా. మమ్మల్ని తీసుకెళ్ళేవాళ్ళే గానీ, అక్కడికొచ్చి ఎవరు తీస్తారు?"

వెళ్ళేముందు చేతులు జోడించి అంది. "మా కోడలికి నెలలు నిండాయి. పల్లంలో బాలింతని బతికించుకోలేం. ఏదో ఒకటి చూడండి తల్లీ."

నా పని చూడటమే. ఏదో ఒకటి చెయ్యడం నా పనిలో ఎక్కడా లేదు.

121వ రోజు

మా ముందు గదిలో మా ముత్తవ్వ ఫొటో ఉంది. పైఅంచులోని పెద్దింటి పెళ్ళిలో, పట్టుచీరలో, వెండి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటుంది. ఒక సినిమా ఫ్రేము. మా నాన్న పట్టుకున్నాడు దాన్ని, నాకు పద్నాలుగేళ్ళప్పుడు. ఆ ఒక్క ఫ్రేముతో మాకు ఈ ఇల్లు వచ్చింది. ధ్రువపత్రం సంఖ్య 212. రోజూ పొద్దున దీపం పెడతాను.

ఇవాళ దీపం పెడుతూ పళ్ళెం కింద చెయ్యి చూశాను. ఎడమచెయ్యి.

ఇన్నేళ్ళుగా ఆ వేలు పళ్ళెం అంచు చాటున ఉందనుకున్నాను. చాటున కాదు, లేదు.

ఫ్రేము ఆఫీసుకి పట్టుకెళ్ళి పోలిక యంత్రంలో పెట్టాను. శేషారత్నం మొహంతో పోలిస్తే వందకి తొంభై మూడు, మనవరాలు అని వచ్చింది. నా మొహంతో పోలిస్తే వందకి నాలుగు. దారిన పోయే మనిషితో పోల్చినా ఆరు వస్తుంది.

నాన్న సంగతి నాకు తెలుసు. నోటిమాట చెల్లదన్న చట్టం రాగానే, ఆయన ఆర్నెల్లు బొమ్మలు చూశాడు, అన్నం దగ్గర కూడా చూశాడు. ఆఖరికి ఒకరోజు ఎగిరి గంతేశాడు, "ఇదిగో మీ ముత్తవ్వ" అని. మా అమ్మ మాత్రం ఆ ఫొటోకి ఒక్కనాడూ దణ్ణం పెట్టలేదు. ఎందుకో ఇవాళ అర్థమైంది. పంతొమ్మిదేళ్ళుగా అర్జీదారులందరినీ అబద్ధాలకోరులని ఈసడించుకున్నాను.

124వ రోజు

చల్లబురుజు కట్టే ఇంజినీర్ల తరఫు వకీలు ఇవాళ ఇంకో సినిమా దాఖలు చేశాడు. అందులో అదే కుళాయి, అదే గోడ, అదే పగులు. గోడ మీద నక్కగుట్ట బదులు వేరే ఊరి పేరు. పని తెలిసినవాడే. కుళాయి ఫ్రేము చచ్చింది. నేను సంతకం పెట్టినా లాభం లేదు.

పరాంకుశం గారి గదికెళ్ళి తలుపేసి అంతా చెప్పాను. అరవై ఒక్క ఫ్రేములు, జూనియర్ ఆర్టిస్టులు, అన్నీ. ఆయన నీళ్ళు తాగాడు.

"ఈవిడ కనబడిన ఫ్రేముల మీద మనం ధ్రువపత్రాలు ఎన్నిచ్చాం?"

"పదిహేడు. అందులో పదకొండు పైఅంచు ఇళ్ళు. తొమ్మిదోది మీది సార్. ఏటిగట్టు పల్లెలో మీ నాయనమ్మ అని మీరు చూపించిన ఆవిడ."

ఆయన కళ్ళద్దాలు తీశాడు, తుడవలేదు. "హైమావతీ, నమోదైన మనిషిని తిరగదోడకూడదని చట్టం. నువ్వు చూసింది నువ్వు చూడలేదు. మూడ్రోజుల్లో విచారణ. ఫ్రేము లేదు, అర్జీ కొట్టేద్దాం. పాపం అనిపిస్తే ఆ కోడలికి ప్రసవమయ్యేదాకా నెల గడువిద్దాం. నీకూ నాకూ ఇల్లుంటుంది."

వీడిని చూసి కాదు నాకు అసహ్యమేసింది. వీడు చెప్పింది వినగానే నాకు హాయిగా అనిపించింది, అందుకు.

చట్టం పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళాను. తొమ్మిదో నియమం: ఒక మనిషికి ఒక్కటే నివాసం. ఒకే మనిషి రెండు చోట్ల నమోదైతే, దగ్గరి వారసులు ఏదో ఒకటి కోరుకోవాలి. కోరుకోవాలంటే ఒక అసలు ధ్రువపత్రం, దాని సొంతదారు ఇష్టపూర్వకంగా బల్ల మీద పెట్టాలి. మొహం పూర్తిగా కనబడే ఫ్రేము అయ్యుండాలి, లేకపోతే పోలిక యంత్రం తీసుకోదు.

పదిహేడింటిలో మొహం కనబడేది ఒక్కటే. అది మా ముందు గదిలో ఉంది.

125వ రోజు

శేషారత్నాన్ని ఇంటికి రమ్మన్నాను. ఎండకూత కాకముందే, నడిచి వచ్చింది. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి ఫొటో ముందు ఆగిపోయింది.

వాళ్ళింట్లో ఆవిడ ఫొటో లేదట. అవ్వ పోయేటప్పటికి తనకి పదకొండేళ్ళట. మొహం సగం మర్చిపోయిందట. చాలాసేపు చూసింది. కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"చెయ్యి అడ్డం పెట్టుకోలేదేం?" అన్నాను.

"పట్టుచీర ఇచ్చారు కదమ్మా ఆరోజు. మురిసిపోయి మర్చిపోయుంటుంది. ఆ తర్వాత ఆ సినిమాలో మళ్ళీ పిలవలేదంట. వారం రోజుల పని పోయిందని మా అమ్మ చెప్పేది." తర్వాత దీపం చూసింది, పసుపు కుంకుమలు చూసింది. "మీరు పెడతారా రోజూ?"

అప్పుడు చెప్పాను. నాన్న సంగతి, ఇంటి సంగతి, వందకి నాలుగు సంగతి, పదిహేడు ధ్రువపత్రాల సంగతి, అందులో తొమ్మిదోది ఎవరిదో కూడా. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే నాకు తేలిగ్గా ఉండేది.

"అరే, బాధపడకండి," అంది. "డబ్బులిచ్చిన ప్రతి సినిమాలో ఎవరో ఒకరికి అమ్మనీ అత్తనీ అని ఏడ్చింది మా అవ్వ. మీకు ముత్తవ్వగా చెయ్యలేదా? పైగా మీరు దీపం కూడా పెట్టారు."

కాఫీ ఇస్తే సగం తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో మాత్రం తెలీలేదు.

127వ రోజు

విచారణ జరిగింది. వరసగా రాస్తాను.

హాలు నిండింది. నక్కగుట్ట వాళ్ళంతా వెనక బెంచీల్లో కూర్చున్నారు. ముందు ఖాళీ ఉంది, రమ్మన్నా రాలేదు. వకీలు కుళాయి గోడలు రెండూ పక్కపక్కన చూపించాడు. "సెట్టు," అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. పరాంకుశం గారు అర్జీ కొట్టేయడానికి కలం తీశాడు.

నేను లేచి 212 సంఖ్య ధ్రువపత్రం, ఫ్రేము బల్ల మీద పెట్టాను. "తొమ్మిదో నియమం కింద, ఇష్టపూర్వకంగా," అన్నాను.

యంత్రం తొంభై మూడు చూపించింది. ఆ తర్వాత మిగతా పదహారు ఫ్రేములు వేలుతో సహా చూపించాను. ఈమె మా కార్యాలయం లెక్క ప్రకారమే పదిహేడు చోట్ల కాపురం ఉంది, అందరి సంతకాలూ ఉన్నాయి, చాలామటుకు నావే అని చెప్పాను. ముందు వరసలో పైఅంచు పెద్దమనుషులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

పరాంకుశం గారు గొంతు సవరించుకున్నాడు. "శేషారత్నం గారూ, దగ్గరి వారసులుగా మీరు ఈ పదిహేడింటిలో ఒక చోటు కోరుకోవచ్చు."

"మాకు గుట్ట చాలండి."

"గుట్ట ఈ జాబితాలో లేదు. అక్కడ తీసిన ఫ్రేము లేదు."

"అయితే ఆ జాబితాలో తొమ్మిదోది ఇప్పించండి."

ఆయన మెడ మీద చెమట నాకు కనబడింది.

"తొమ్మిదోదాని అసలు పత్రం... ఇప్పుడు మన ముందు లేదు."

"మీ దగ్గరే ఉంటుంది కదండీ. తెప్పించండి. మూడు వందల పన్నెండు కుటుంబాలం సర్దుకుంటాం. వరండా ఉంటుందిగా?"

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత బెంచీలన్నీ నవ్వాయి. వాళ్ళు అలా నవ్వడం నేను ఎన్ని సినిమాల్లో చూశానో. అప్పుడు హీరో జోకేసేవాడు, చెప్పినప్పుడు నవ్వేవారు. ఇప్పుడు ఎవడూ చెప్పలేదు.

పరాంకుశం గారు గదిలోకెళ్ళి ఇద్దరు పెద్దమనుషులతో మాట్లాడొచ్చాడు. తీర్పు చదివాడు. పైడితల్లి అనే మనిషి నివాసం నక్కగుట్ట అని నిర్ధారణ. ఫ్రేము అవసరం లేదు, ప్రత్యేక పరిస్థితి. బురుజు వేరే చోట కట్టాలి. ఒక మనిషికి ఒక్కటే నివాసం కనక, బల్ల మీదకొచ్చిన 212 సంఖ్య కింద ఇచ్చిన ఇల్లు రద్దు. మిగతా పదహారింటి అసలు ధ్రువపత్రాలు బల్ల మీదకి రాలేదు కనక వాటి జోలికి పోవడం లేదు.

"హైమావతి గారు పదిహేను రోజుల్లో పల్లంలో కేటాయించిన గదికి మారాలి," అని చదివి, నా వైపు చూడకుండా కాయితాలు సర్దుకున్నాడు.

ఇది జరుగుతుందని నాకు తెలుసు. తొమ్మిదో నియమం మూడుసార్లు చదివాను కదా. నాకు యాభై మూడేళ్ళు, పల్లంలో ఎండాకాలం ఒంటరిగా ఎన్నాళ్ళుంటానో లెక్క వేసుకుంటున్నాను.

శేషారత్నం మళ్ళీ లేచింది. "అయ్యా, ఒక్క మాట. ఇల్లు రద్దు చేశారు. చుట్టరికం కూడా రద్దు చేశారా?"

"ఏ చుట్టరికం?"

"ఆ కాయితంలో రాసుంది కదండీ, బొమ్మలో ఉన్నావిడ ఈమెకి ముత్తవ్వ అని. నమోదైన మనిషిని తిరగదోడకూడదని మీ చట్టమేగా?"

పరాంకుశం గారు కాయితం తిప్పాడు. వకీలు వైపు చూశాడు. వకీలు భుజాలెగరేశాడు. "చుట్టరికం నిలుస్తుంది," అన్నాడు చివరికి, పంటినొప్పి ఉన్నవాడిలా.

"ఆవిడ నాకు అవ్వ, ఈమెకి ముత్తవ్వ. అంటే నేను ఈమెకి పెద్దమ్మనవుతాను. మా జాబితాలో మూడు వందల పదమూడో కుటుంబం కింద రాసుకోండి."

నేను అక్కడికక్కడే అరిచాను. అబద్ధం అన్నాను, వందకి నాలుగు అన్నాను, యంత్రంలో పెట్టి చూడమన్నాను. జీవితంలో తెలిసి ఒక్క తప్పుడు ఫ్రేము మీద సంతకం పెట్టలేదు, నన్ను ఇందులోకి లాగొద్దు అన్నాను. గుమాస్తా అప్పటికే రాసేస్తున్నాడు.

శేషారత్నం నా మోచెయ్యి పట్టుకుని వెనక బెంచీల దాకా నడిపించుకెళ్ళింది. వాళ్ళు జరిగి చోటిచ్చారు.

"ఇంక ఊరుకో," అంది. "కూర్చో. నీకు అలవాటు లేదు గానీ, ఇక్కడి నుంచి కూడా బాగానే కనబడుతుంది."